పులిసిన జావకు ఏ ఈస్ట్ తోడు? విటమిన్ల లెక్కతో ఒక ఎంపిక

ప్రొబయోటిక్ ఈస్ట్‌తో పులియబెట్టిన ధాన్యపు జావ అనగానే మనం రెండు లాభాలు ఊహించుకుంటాం. ఈస్ట్ బతికుండగానే పేగుల్లోకి చేరి మేలు చేయాలి. అది తయారుచేసిన విటమిన్లు ఒంటికి పట్టాలి. వినడానికి రెండూ ఒకే పనిలా ఉన్నా, వాటికి కావలసిన పరిస్థితులు వేరు. ఈస్ట్ తయారుచేసే ఫోలేట్ అనే విటమిన్‌లో ఎక్కువ భాగం దాని కణంలోనే ఉండిపోతుంది. ఉడికిస్తే కణం చచ్చి, పొర తెగి, విటమిన్ బయటపడుతుంది. కానీ అప్పుడు ప్రొబయోటిక్ అన్న పేరు చెల్లదు, ఎందుకంటే ఆ పేరుకు బతికున్న కణాలు ఉండాలి. ఉడికించకపోతే పేరు నిలుస్తుంది. విటమిన్‌లో మాత్రం కొంత భాగం కణంతోపాటే శరీరం దాటి వెళ్లిపోతుంది.

ఇది కొత్తగా పుట్టిన అనుమానం కాదు. 1940ల్లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తాజా బేకరీ ఈస్ట్‌ను పచ్చిగా తినిపించి చూశారు. ఈస్ట్‌లో థయమిన్, అంటే బి1, పుష్కలంగా ఉన్నా, తిన్నవారికి అది అందలేదు. పైగా పేగుల్లో ఉన్న థయమిన్‌ను కూడా ఆ బతికున్న కణాలు పీల్చుకుని తమతో పట్టుకుపోయాయి. అదే ఈస్ట్‌ను మరిగించి ఇస్తే విటమిన్ అందింది. విటమిన్ల కోసం బతికున్న ఈస్ట్‌ను గ్లాసుల్లో కలుపుకుని తాగేవారు ఒకసారి ఆగి ఆలోచించవలసిన సంగతి ఇది.

అందుకే ఏ ఈస్ట్ కొనాలన్న ప్రశ్న కన్నా ముందు, ఆ జావను పులిశాక ఉడికించి తింటారా, పచ్చిగా తాగుతారా అన్నది తేల్చుకోవాలి. నా మొగ్గు మొదటి వైపే. విటమిన్లే లక్ష్యమైతే పులిశాక ఉడికించే వంటకానికే ఈస్ట్‌ను ఎంచుకోండి, ప్రొబయోటిక్ అన్న మాట మరచిపోండి. బతికున్న ఈస్ట్ వల్ల కలిగే మేలు కావాలంటే దాన్ని వేరే లెక్కగా చూడండి.

ఈస్ట్ ఇవ్వగలిగేది, ఇవ్వలేనిది

ఈస్ట్ నమ్మకంగా పెంచగలిగేది ఫోలేట్, అంటే బి9. తర్వాతది రైబోఫ్లేవిన్, అంటే బి2. థయమిన్ విషయంలో ఈస్ట్ స్వభావం వేరు. తాను తయారుచేసుకోగలిగినా, చుట్టూ ఉన్న ధాన్యంలో దొరికితే దాన్నే లోపలికి లాగేసుకుంటుంది. మొత్తం పరిమాణం పెద్దగా మారదు, విటమిన్ చోటు మారుతుంది.

బి12 సంగతి కచ్చితంగా చెప్పవచ్చు: ఏ ఈస్ట్ కూడా దాన్ని తయారుచేయలేదు. ఆ పని కొన్ని బ్యాక్టీరియాకు, వాటిని పోలిన ఆర్కియా అనే సూక్ష్మజీవులకు మాత్రమే చేతనవుతుంది. డబ్బాల్లో అమ్మే ఎండు పోషక ఈస్ట్‌లో బి12 ఉందని రాసి ఉంటే, అది కర్మాగారంలో విడిగా కలిపినదే. ధాన్యంలో బి12 పెంచాలంటే ప్రొపియోనిబాక్టీరియం ఫ్రాయిడెన్‌రైకీ లాంటి బ్యాక్టీరియా కావాలి. ఈస్ట్ తోడుతో బి12 పెరుగుతుందని ఎవరైనా అమ్మజూపితే అక్కడితో మాట ఆపేయవచ్చు.

విటమిన్ డి విషయంలో ఒక మెలిక ఉంది. ఈస్ట్ పొరల్లో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. దానిమీద అతినీలలోహిత కాంతి పడితే డి2గా మారుతుంది. అలా తయారైన బేకరీ ఈస్ట్‌కు ఐరోపాలోనూ అమెరికాలోనూ అనుమతి ఉంది. అయితే ఫిన్లాండ్‌లో ఆ ఈస్ట్‌తో చేసిన రొట్టెను మనుషులకు పెట్టి చూస్తే, రక్తంలో మొత్తం విటమిన్ డి స్థాయి పెరగలేదు. విటమిన్ ఒంటికి పట్టకపోతే పొట్లం మీద రాసిన అంకెకు విలువ లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ముందు కణాల లెక్క

చాలామంది ఈస్ట్ పేరు చూస్తారు, దాని జనాభాను చూడరు. స్వీడన్ పరిశోధకులు అనేక రకాల ఈస్ట్‌లను పోల్చి చూసినప్పుడు, ఎండు బరువులో గ్రాముకు సుమారు 40 నుంచి 145 మైక్రోగ్రాముల దాకా ఫోలేట్ కనిపించింది. అంటే మంచి స్ట్రెయిన్‌కూ (ఒక ఈస్ట్‌లోని ఉపరకానికీ) మామూలుదానికీ మధ్య మూడు రెట్లకు పైగా తేడా. తేడా పెద్దదే. కానీ గిన్నెలో ఎన్ని కణాలు పెరిగాయన్నది అంతకన్నా పెద్ద తేడా తెస్తుంది.

చిన్న అంచనా వేద్దాం. ఒక ఈస్ట్ కణం ఎండు బరువు సుమారు 20 పికోగ్రాములు (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లో వంతు) అనుకోండి. గ్రాము జావలో కోటి కణాలు ఉంటే, 250 గ్రాముల గిన్నెలో ఎండు ఈస్ట్ 0.05 గ్రాము. గ్రాముకు 100 మైక్రోగ్రాముల లెక్కన ఫోలేట్ 5 మైక్రోగ్రాములు వస్తుంది. పెద్దలకు రోజుకు కావలసింది 400 మైక్రోగ్రాములు కాబట్టి దీన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. అదే గ్రాముకు పది కోట్ల కణాలదాకా పెంచగలిగితే 50 మైక్రోగ్రాములు వస్తుంది. రోజు అవసరంలో ఎనిమిదో వంతు, ఒక గిన్నె జావకు అది గౌరవప్రదమైన అంకె. కాబట్టి మీ వంటింట్లోనో, మీ చిన్న తయారీ కేంద్రంలోనో బాగా పెరగలేని గొప్ప స్ట్రెయిన్ కన్నా, ధాన్యపు పిండిలో దట్టంగా పెరిగే మామూలు స్ట్రెయిన్ మేలు.

దట్టంగా పెరగాలంటే చక్కెర కావాలి. చాలా ఈస్ట్‌లు పిండిపదార్థాన్ని నేరుగా తినలేవు. ధాన్యంలోని ఎంజైములో, మొలకెత్తించిన గింజల పిండో దాన్ని చక్కెరగా విడగొట్టి పెట్టాలి. మొలకల పిండి చేర్చని జావలో ఈస్ట్ ఎందుకు నీరసంగా ఉంటుందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఈస్ట్‌ల మధ్య పోలిక

బేకరీ ఈస్ట్, అంటే శాకరోమైసెస్ సెరివిసియే, అందరికీ దొరుకుతుంది. దాని చరిత్ర తెలుసు, 30 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది, ఉడికించి తినే ఆహారానికి భద్రతలో దీనికి సాటి తక్కువ. ఇందులోనే స్ట్రెయిన్ మార్చి, పెంచే పద్ధతి మార్చి తెల్లగోధుమ రొట్టెలో ఫోలేట్‌ను మామూలు బేకరీ ఈస్ట్ రొట్టెతో పోలిస్తే మూడు నుంచి అయిదు రెట్లు చేసి చూపించారు. లోపం ఆల్కహాల్. ఈ ఈస్ట్‌కు చక్కెర దండిగా దొరికితే, గాలి తగిలినా సరే, ఒళ్లు పెంచుకోవడం మాని ఆల్కహాల్ తయారీకి దిగుతుంది. పిల్లలకిచ్చే పచ్చి పానీయానికి ఇది సరిపడదు. సేపు ఎక్కువైతే ఉడికించే జావలో కూడా ఆ వాసన తెలుస్తుంది.

శాకరోమైసెస్ బౌలార్డి నిజానికి సెరివిసియేకు చాలా దగ్గరి రూపమే. 1920లలో ఆంరీ బౌలార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇండోచైనాలో లీచీ, మాంగోస్టీన్ పండ్ల తొక్కల నుంచి దీన్ని వేరుచేశారు. శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర చక్కగా పెరుగుతుంది, జీర్ణాశయ ఆమ్లాన్ని తట్టుకుంటుంది, ఈస్ట్ కావడంవల్ల యాంటీబయాటిక్ మందులు దాన్ని ఏమీ చేయవు. ఈస్ట్‌లలో ప్రొబయోటిక్ అన్న పేరుకు గట్టి ఆధారాలున్నది దీనికే. కానీ ఆ ఆధారాలు విరేచనాలకు సంబంధించినవి, ముఖ్యంగా యాంటీబయాటిక్‌ల వల్ల వచ్చేవాటికి. విటమిన్ల విషయంలో బేకరీ ఈస్ట్ మీద దీనికి ప్రత్యేకమైన ఆధిక్యం ఏమీ లేదు. అసిటిక్ ఆమ్లం కూడా ఎక్కువగా వదులుతుంది కనుక జావ పులుపు వెనిగర్ వైపు జారుతుంది. కొందరు ఆ రుచిని ఇష్టపడతారు, నాకు మాత్రం అది పాడైన జావలాగే అనిపిస్తుంది. దీన్ని తోడు వేసి, తర్వాత ఉడికించడం డబ్బు వృథా. వాడదలిస్తే ఉడికిన జావను గోరువెచ్చగా చల్లార్చి, తినబోయే ముందు కలపడమే తెలివైన పని. అప్పుడు విటమిన్ పని ఉడికిన ఈస్ట్ చేసి ఉంటుంది, బతికున్నదాని పని ఇది చేస్తుంది. ఈ రెండు అంచెల పద్ధతి అంతగా ప్రచారంలో లేదు గానీ, రెండు కోరికలూ ఉన్నవారికి నేను చెప్పేది ఇదే.

క్లువెరోమైసెస్ మార్క్సియానస్ అంతగా పేరు వినబడనిది, కానీ శ్రద్ధ పెట్టదగ్గది. కెఫీర్ లాంటి పాల పులుపుల్లో తరతరాలుగా ఉన్నదే. 40 డిగ్రీలు దాటినా పెరుగుతుంది కాబట్టి వేడి వాతావరణంలో బేకరీ ఈస్ట్ కన్నా ఇది నిలకడగా పనిచేస్తుంది. గాలి బాగా అందితే చక్కెరను ఆల్కహాల్‌గా మార్చకుండా తన ఒళ్లు పెంచుకోవడానికే వాడుకుంటుంది. పైన చెప్పిన కణాల లెక్కకు అదే కావలసింది. పళ్ల వాసన కొద్దిగా వస్తుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ సురక్షితమని ముందుగానే గుర్తించిన జాబితాలో సెరివిసియేతోపాటు ఇది కూడా ఉంది. చిన్న తయారీ కేంద్రం నడిపేవారికి, ప్రయోగశాల నుంచి శుద్ధమైన స్ట్రెయిన్ తెచ్చుకోగలిగినవారికి, నేను ముందు సూచించేది దీన్నే. ఇంట్లో వాడేవారికి దొరకడమే కష్టం.

ఇక అంకెల్లో గెలిచి ఎంపికలో ఓడిన ఈస్ట్ గురించి. టాంజానియాలో టోగ్వా అనే పులిసిన పానీయం ఉంది, మొక్కజొన్న, జొన్న, రాగుల లాంటి ధాన్యాల పిండితో, మొలకల పిండి చేర్చి చేస్తారు. 2008లో ప్రచురించిన పరిశోధనలో టోగ్వా నుంచి వేరుచేసిన ఈస్ట్‌లు ఎంత ఫోలేట్ ఇస్తాయో చూశారు. అన్నిటికన్నా ముందు నిలిచింది కాండిడా ట్రాపికాలిస్: 46 గంటల్లో పులియని జావతో పోలిస్తే 23 రెట్లు. పలుచని జావలో మొదట ఉండేదే కొద్దిపాటి ఫోలేట్ కనుక రెట్లు అంత పెద్దగా కనిపించాయని గమనించాలి, అయినా అది నిజమైన పెరుగుదలే. చిక్కల్లా ఆ ఈస్ట్‌తోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాదకర శిలీంధ్రాల జాబితాలో కాండిడా ట్రాపికాలిస్ అధిక ప్రాధాన్య వర్గంలో ఉంది. రోగనిరోధక శక్తి తగ్గినవారి రక్తంలోకి చేరితే ప్రాణం మీదికి తెస్తుంది. సంప్రదాయ ఆహారంలో సహజంగా కనిపించడం వేరు, కావాలని కోట్లకొద్దీ పెంచి తోడు వేయడం వేరు.

పిచియా కుద్రియావ్‌జెవి విషయంలో తీర్పు ఇంత సులువు కాదు. ఆఫ్రికా ధాన్యపు పులుపుల్లో ఇది దాదాపు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఆమ్లాన్ని గట్టిగా తట్టుకుంటుంది, ఫైటేజ్ అనే ఎంజైము ఇస్తుంది, ఫోలేట్ కూడా పెంచుతుంది. ధాన్యంలోని ఫైటిక్ ఆమ్లం ఇనుమును, జింకును పట్టి ఉంచుతుంది. ఫైటేజ్ ఆ పట్టును వదిలిస్తుంది కాబట్టి రక్తహీనత ఉన్నచోట ఇది విటమిన్ కన్నా పెద్ద లాభం కావచ్చు. అయితే వైద్యులు కాండిడా క్రూసీ అని పిలిచేది కూడా ఇదే జీవి. శిలీంధ్రాల మీద వాడే ఫ్లూకోనజోల్ మందుకు పుట్టుకతోనే లొంగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో మధ్యస్థ వర్గంలో ఉంది. పులిశాక తప్పనిసరిగా ఉడికించే ఆహారంలో, జాగ్రత్తలు తెలిసినవారి చేతుల్లో, దీనికి చోటుందని ఒప్పుకుంటాను. సీసాలో నింపి ప్రొబయోటిక్ పేరుతో పచ్చిగా అమ్మడాన్ని ఒప్పుకోను.

ఈస్ట్ ఒంటరిగానా, బ్యాక్టీరియాతోనా?

ఒంటరిగా వద్దు. ఈస్ట్ ఒక్కటే వేస్తే జావ తగినంత పులవదు, ఆమ్లత చాలదు. వెచ్చగా, నీళ్లగా, పులుపు లేకుండా గంటల తరబడి ఉన్న పిండి బాసిల్లస్ సీరియస్ లాంటి చెడ్డ బ్యాక్టీరియాకు పండగ. అది వదిలే ఒకరకం విషం మరిగించినా పోదు. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పక్కన ఉంటే అవి ఆమ్లతను త్వరగా పెంచి పీహెచ్‌ను 4.5 కిందికి దించుతాయి. చెడ్డవి నిలవలేవు, ఈస్ట్ మాత్రం నిలుస్తుంది. ఆ దారిలో పీహెచ్ 5 దగ్గరికి వచ్చినప్పుడు ధాన్యంలోని ఫైటేజ్ కూడా చురుకవుతుంది.

ఏ బ్యాక్టీరియా అన్నది మాత్రం చూసుకోవాలి. ఆహారంలో ఫోలేట్ ఎంత ఉందో కొలిచే సూక్ష్మజీవ పరీక్షకు దశాబ్దాలుగా వాడుతున్నది లాక్టోబాసిల్లస్ రామ్నోసస్. ఎందుకంటే అది ఫోలేట్ తయారుచేసుకోలేదు, ఎంత దొరికితే అంత మేరకే పెరుగుతుంది. అదే ప్రొబయోటిక్ దుకాణాల్లో బాగా అమ్ముడయ్యే రకం. ఈస్ట్ ఒకవైపు ఫోలేట్ చేస్తుంటే ఇది మరోవైపు తినేసే అవకాశం ఉంది. స్ట్రెప్టోకోకస్ థెర్మోఫిలస్ మాత్రం ఫోలేట్ తయారుచేసి బయటికి వదులుతుంది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ స్ట్రెయిన్లు కొన్ని ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. బి2 కావాలంటే ఈస్ట్ కన్నా ఈ ప్లాంటారమ్ దారే మెరుగు. రోజోఫ్లేవిన్ అనే పదార్థాన్ని తట్టుకునే స్ట్రెయిన్లను ఏరితే అవి రైబోఫ్లేవిన్‌ను అధికంగా తయారుచేస్తాయి, వాటితో రొట్టెలో, పాస్తాలో ఈ విటమిన్‌ను రెండు మూడు రెట్లు పెంచారు. ఇందులో జన్యుమార్పిడి లేదు, ఏరివేత మాత్రమే.

పాత జావ కొంత మిగిల్చి కొత్తదానికి తోడు వేసే అలవాటు రుచికి మంచిదే, ఆమ్లతకు ఇంకా మంచిది. ఏరి తెచ్చిన ఈస్ట్‌కు మాత్రం కాదు. కొన్ని విడతల్లోనే పిండిలోని సహజ ఈస్ట్‌లు దాన్ని పక్కకు నెట్టేస్తాయి. విటమిన్ కోసం డబ్బు పెట్టి తెచ్చిన స్ట్రెయిన్ అయితే ప్రతిసారీ కొత్తగా వేయాలి, లేదా ఎప్పటికప్పుడు కొత్త తోడుకు తిరిగి రావాలి.

ఎప్పుడు ఆపాలి, ఎలా ఉడికించాలి

ఈస్ట్ చురుకుగా విభజన చెందుతున్నప్పుడు కణంలో ఫోలేట్ ఎక్కువ. పెరుగుదల ఆగి చాలాసేపయ్యాక మిగిలిన కణాల్లో తక్కువ. అందుకే ఎక్కువ సేపు పులిస్తే ఎక్కువ విటమిన్ అన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. నురగ, పొంగు బాగా కనిపిస్తున్న దశలోనే ఉడికించడం మంచిది, పొంగు చల్లారి ఆల్కహాల్ వాసన వచ్చేదాకా ఆగక్కర్లేదు.

జావ రూపంలో వండటం ఫోలేట్‌కు కలిసివస్తుంది. అది నీటిలో కరిగే విటమిన్, కానీ జావలో నీళ్లు పారబోయం. పోయేది వేడికి, గాలికి మాత్రమే. మూతపెట్టి, తక్కువ సేపు ఉడికిస్తే చాలు. రైబోఫ్లేవిన్‌కు వేడి కన్నా వెలుతురు శత్రువు, గాజు సీసాలో కిటికీ దగ్గర పెట్టకూడదు. ధాన్యం నానబెట్టిన నీళ్లు వంచేసి, పొట్టు వడగట్టే వంటకాల్లో ఈస్ట్‌ను ఆ తర్వాతే వేయాలి. ముందే వేస్తే అది పెంచిన దానిలో కొంత వడగట్టిన నీళ్లతో వెళ్లిపోతుంది. మూత బిగించిన సీసాలో మాత్రం ఎప్పుడూ పులియబెట్టవద్దు, వాయువు ఒత్తిడికి అది పేలుతుంది.

అసలు ఈస్ట్ కావాలా?

ఇంత శ్రమ లేకుండానే ధాన్యంలో ఫోలేట్ పెంచే పాత పద్ధతి మొలకెత్తించడం. గోధుమ, రై లాంటి గింజల్లో మొలకలు వచ్చేసరికి ఫోలేట్ కొన్ని రెట్లు పెరుగుతుంది, తోడు ఖర్చు లేదు, ఆల్కహాల్ లేదు. నన్నడిగితే ఇంటి వంటకు మొదటి మెట్టు ఇదే. మొలకల పిండి ఈస్ట్‌కు చక్కెర కూడా ఇస్తుంది కాబట్టి రెండూ కలిపితే ఇంకా మంచిది. ఎండు పోషక ఈస్ట్‌ను చల్లుకోవడం ఇంకో దారి. అది చచ్చిన ఈస్ట్ కనుక విటమిన్ దాచుకోదు, మోతాదు డబ్బా మీద రాసి ఉంటుంది.

ఫోలిక్ ఆమ్లం కలిపిన పిండితో పోల్చితే మాత్రం పులియబెట్టడం వెనకబడుతుంది, ఒప్పుకోవాలి. అమెరికాలో 1998 నుంచి శుద్ధిచేసిన ధాన్యపు పిండిలో 100 గ్రాములకు 140 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తప్పనిసరిగా కలుపుతున్నారు, ఆ తర్వాత శిశువుల్లో నాడీనాళ లోపాలు (మెదడు, వెన్నుపాము సరిగా ఏర్పడని లోపాలు) తగ్గాయి. కృత్రిమ రూపం వేడిని బాగా తట్టుకుంటుంది, ప్రతి గిన్నెలోనూ ఒకే మోతాదు ఉంటుంది. ఈస్ట్ ఫోలేట్ విడతకో రకంగా ఉంటుంది. అయితే ఈస్ట్‌లో ఉండేది సహజ రూపం కాబట్టి, ఫోలిక్ ఆమ్లం మితిమీరితే బి12 లోపం బయటపడకుండా మరుగునపడే ఇబ్బంది దీనితో లేదు. కలిపిన పిండి దొరకని చోట, మందుబిళ్లలు నిలకడగా అందని చోట, రోజూ తాగే జావే కొద్దికొద్దిగా మోతాదు మోయడం చిన్న విషయం కాదు. ఈస్ట్ పద్ధతికి అసలైన చోటు అది.

గర్భం కోరుకునేవారు, గర్భిణులు ఈ జావను బిళ్లకు బదులుగా తీసుకోకూడదు. గర్భం రావడానికి కనీసం నెల ముందు నుంచి మొదటి పన్నెండు వారాల దాకా రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం అన్నది వైద్యులు చెప్పే మోతాదు, విడతకో రకంగా మారే జావ దాన్ని పూడ్చలేదు. బిళ్లతోపాటు ఉడికించిన జావ తాగితే ఇబ్బంది లేదు. ఆసుపత్రిలో తీవ్ర స్థితిలో ఉన్నవారికి, పెద్ద రక్తనాళంలో గొట్టం ఉన్నవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి బతికున్న ఈస్ట్ అసలు ఇవ్వకూడదు, బౌలార్డి అయినా సరే. అలాంటివారి రక్తంలోకి ఈస్ట్ చేరిన సంఘటనలు నమోదయ్యాకే ఐరోపాలో 2017లో బౌలార్డి మందును వారికి వాడరాదని నిర్ణయించారు. గుళికను తెరిచి పొడి కలిపే పని కూడా రోగి గదిలో చేయవద్దు. గాలిలో లేచిన పొడి, చేతికి అంటినది ఆ గొట్టం దాకా చేరడానికి పెద్ద దూరం ఉండదు.